గడప అవతల నేను

పోయిన సంక్రాంతి ముందు ఒక రాత్రి మా తమ్ముడు ముద్దనూరు స్టేషన్లో రైలు దిగి, చేతిసంచీతో ఇంటికి వచ్చాడు. నేను పలకరించలేదు. పన్నెండేళ్ల కిందట తన వాటా పొలం అమ్ముకుని వెళ్లినవాడు. అప్పుడు నాయన వద్దన్నాడు గాని అడ్డం పడలేదు. "కట్టేసి ఉంచుకుంటే నాకు మిగిలేది కొడుకు కాదు, గాట్లో ఎద్దు" అన్నాడు.

శనగ పైరూ, అప్పులూ నా నెత్తినే పడ్డాయి. జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆస్పత్రిలో నాయన మంచం పక్కన కడదాకా కూర్చున్నవాణ్ణి నేనే. ఆదివారం గుడికి పోవడం ఎన్నడూ మానలేదు.

అలాంటిది, అమ్మ ఆ రాత్రే కోడిని కోయించి సంగటి కెలికింది! అరుగు మీదే కూలబడి, "నాకెన్నడైనా ఇట్లా చేసినావా అమ్మా?" అన్నాను.

"నీ ఇంట్లో నీకు ఒకరు చేసిపెట్టేదేంది నాయనా? లోపలికి రా" అంది.

లూకా సువార్త పదిహేనో అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ చిన్నప్పటినుంచీ వింటున్నాను. నేను అందులోని పెద్దకొడుకునని మాత్రం ఆ రాత్రిదాకా తోచలేదు.

అంతా దేవుని కృపే అయితే నా విధేయతకు విలువేమిటి? మనిషి ఇష్టంతోనే అంతా జరిగేటట్లయితే కృప ఎందుకు? ఇది పెద్దలు తలలు పట్టుకున్న చిక్కే. అయిదో శతాబ్దంలో అగస్టీను, పెలాగియసు ఇందుకే వాదులాడారు. మనిషికి స్వేచ్ఛ ఉందని 1524లో ఎరాస్మస్ పుస్తకం రాస్తే, మరుసటి ఏడే లూథర్ ఖండించాడు. మన వైష్ణవులూ ఈ తగవు ఎరగనివారు కారు. పిల్లి తన కూనను నోట కరుచుకుని పోతుంది; కోతిపిల్ల తానే తల్లిని పట్టుకోవాలి. జీవుడు ఏ పిల్ల వంటివాడన్నదే వారి వాదం.

కృప ముందుగా వచ్చి మనిషికి బదులు పలికే బలం ఇస్తుందనీ, మనిషి దాన్ని కాదనగలడనీ వెస్లీ బోధించాడు. కాల్విను వైపువారు కాదనలేడన్నారు. ఈ రెండు తీరుల వారూ 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో ఒకటయ్యారు. వాదం తేలేదాకా ఆగితే ఒకే పంక్తిన కూర్చునేవారు కారేమో!

నాకు ఆ అరుగు మీద తోచింది చెబుతాను. కథలో తండ్రి చిన్నవాణ్ణి వెళ్లనిచ్చాడు; అది స్వేచ్ఛ. వాడు లేచి ఇంటిదారి పట్టాడు. అదీ వాడి ఇష్టమే. కాని తండ్రి ఎదురు పరుగెత్తడం వాడు సంపాదించుకున్నది కాదు. మరి పెద్దవాడో? ఇన్నేళ్ల చాకిరీ లెక్క చెప్పాడు. నేనూ అంతే. కొడుకుగా చేసిన పనిని కూలీ చిట్టాలో రాసుకున్నాను. ఆ తండ్రి పెద్దవాడి కోసం కూడా బయటికి వచ్చాడు; బతిమాలాడే గాని రెక్క పట్టి ఈడ్వలేదు. లోపలికి పోయాడో లేదో సువార్త చెప్పదు. అది పెద్దవాడి ఇష్టానికే వదిలినట్టుంది.

కృప అంటే జరిగింది జరగలేదనడం కాదు. అమ్మిన పొలం తిరిగి రాలేదు. ఉన్న పొలంలో మళ్లీ వాటా పెట్టమని అమ్మా అడగలేదు, తమ్ముడూ అడగలేదు. తెల్లవారి వాడు నాతో చేనికి వచ్చాడు, అంతే.

ఆ రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. చాలాసేపటికి కాళ్లు కడుక్కుని లోపలికి పోయాను. కోడికూర చల్లారిపోయింది. తమ్ముడు కంచం ముందు తల వంచుకుని ఉన్నాడు. ముద్దయినా ముట్టలేదు.

"అన్న రానీ అన్నాడు" అంది అమ్మ.