ఇల్లు దాటని ఫైళ్ళు

మర్హూమ్ మా తండ్రిగారి ఖుర్ఆన్ దర్సులు 40 క్యాసెట్లలో ఉండేవి. ఒక్కొక్కటి 90 నిమిషాలది. కొన్నేళ్ళ క్రితం వాటిని పాత కంప్యూటర్‌లోకి ఎక్కించాము. దాదాపు 40 జీబీ అయ్యాయి. ఈ మధ్య దాని హార్డ్‌డిస్క్ టక్‌టక్‌మని శబ్దం చేయసాగింది. ఇక అది ఎక్కువ కాలం నిలవదని గ్రహించి, ఒకనాడు మగ్రిబ్ నమాజు తర్వాత ఆ ఫైళ్ళను మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లోకి పంపడం మొదలుపెట్టాము. ఇషా ముగించుకొని వచ్చేసరికి నాలుగోవంతు మాత్రమే వెళ్ళింది. మిగిలినదానికి మరో నాలుగు గంటలట!

"అబ్బూ, నెట్ ప్లాన్ పెంచుదాం" అన్నాడు అబ్బాయి.

చాలా ఇళ్ళలో జరిగే పొరపాటే ఇది. మనం నెలనెలా డబ్బు చెల్లించేది బయటి ఇంటర్నెట్ వేగానికి. ఒక గదిలోని కంప్యూటర్ నుండి పక్క గదికి వెళ్ళే ఫైలు ఇల్లే దాటదు. రూటర్ వరకు వెళ్ళి తిరిగి వస్తుంది, అంతే. నెట్ పూర్తిగా ఆగిపోయినా ఆ పని సాగుతుంది.

అసలు చిక్కు వేరు. మా రెండు యంత్రాలూ ఒకే వైఫైపై ఉన్నాయి. అంటే ప్రతి ఫైలూ ఒకే గాలిదారిలో రెండుసార్లు ప్రయాణించాలి: ఒకసారి రూటర్‌కు, మరోసారి అక్కడి నుండి ల్యాప్‌టాప్‌కు. వేగం సగానికి పడిపోతుంది. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌పై ఇరుగుపొరుగు రూటర్ల రద్దీ కూడా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ మేలే గాని, మందపాటి గోడలను అది అంతగా దాటలేదు.

కనుక రెండింటినీ కేబుళ్ళతో రూటర్‌కు కలిపాము. సెకనుకు 2 మెగాబైట్లున్నది 11 అయింది. అబ్బాయి సంతోషించాడు గాని, ఆ 11 దగ్గరే కదలకుండా నిలవడం మాకు అనుమానం కలిగించింది. నెట్‌వర్క్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, కాపీ వేగాన్ని మెగాబైట్లలో చూపుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ను 8తో భాగిస్తే 12.5, మార్గమధ్యపు ఖర్చులు పోగా దక్కేది 11. కొలతలు ఒకటేనా చూసుకోండని తరగతిలో పిల్లలను రోజూ మందలించే మేమే ఈ తేడాను ఆలస్యంగా గుర్తించాము.

సెట్టింగ్స్‌లో చూడగా కంప్యూటర్ వైపు లింకు వేగం 100 అనే ఉంది. యంత్రాలు, రూటర్ అన్నీ 1000కి తగినవే. లోపం గోడ వెంబడి లాగిన కేబుల్‌ది. అందులో ఉండవలసిన ఎనిమిది తీగలలో నాలుగింటినే కొనకు బిగించారు. 100కు నాలుగు తీగలు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. క్యాట్ 5ఈ కేబుల్ కొత్తది వేయగానే లింకు 1000 చూపింది. ఇక ఆపుతున్నది పాత డిస్కే. అయినా మిగిలిన పని పావుగంటలో ముగిసింది.

ఫోటోల వంటి చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే మాత్రం మంచి కేబుల్ ఉన్నా ఆలస్యమే. ముందుగా వాటిని ఒకే జిప్ ఫైలుగా కట్టి పంపడం మంచిది.

39 క్యాసెట్ల దర్సులు క్షేమంగా చేరాయి. ఒక్క ఫైలును మాత్రం డిస్క్ చదవలేకపోయింది. దాని క్యాసెట్టు ఇంకా మా అమ్మగారి పెట్టెలో ఉంది. దానిని వినిపించగల టేప్‌రికార్డర్ కోసం వెదుకుతున్నాము.