ఫీజు లేదని ఆ చదువుకు పోవద్దు

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే మనుమలతో, మనుమరాళ్ళతో భీమవరం చుట్టుపక్కల ఊళ్ళు కళకళలాడుతాయి. మొన్నటి పండుగకు మా వీధి అరుగు మీద జరిగిన సంభాషణ ఈ నాలుగు మాటలు రాయడానికి కారణమైంది. అక్కడే పుట్టి పెరిగి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి, ఎం.డి., పిహెచ్.డి. రెండూ కలిపి చదివే కోర్సుకు దరఖాస్తు చేస్తానన్నది. "ఎన్నేళ్ళమ్మా?" అని తాతగారు అడిగారు. "ఎనిమిదేళ్ళు పట్టవచ్చు తాతయ్యా" అన్నది. ఆయన ముఖం వాడిపోయింది. మనుమరాలి పెళ్ళి లెక్క వేసుకుంటున్నారని అక్కడున్న అందరికీ అర్థమైంది. ఇంతలో పిల్ల మేనమామ కల్పించుకొని, "ఫీజు ఉండదట నాన్నా, పైగా నెలనెలా వాళ్ళే డబ్బిస్తారట" అనగానే ఆ ముఖం మళ్ళీ విప్పారింది.

వయసు లెక్క ఒకటి, డబ్బు లెక్క ఒకటి. ఈ రెండింటిలో దేన్ని పట్టుకొని సలహా చెప్పినా పిల్లలకు అన్యాయం చేసినట్లేనని నా అభిప్రాయం.

ఈ చదువుకు అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1964లో మూడు వైద్య కళాశాలలతో సహాయం మొదలుపెట్టింది. నేడు యాభైకి పైగా కళాశాలలు ఆ సహాయం పొందుతున్నాయి. రోగిని చూసే డాక్టరు, రోగానికి కారణం వెదికే శాస్త్రజ్ఞుడు ఒకే మనిషి కావాలన్నది ఉద్దేశం. సాధారణంగా మొదట రెండేళ్ళు వైద్య పాఠాలు, ఆ తరువాత నాలుగేళ్ళు అటూ ఇటూగా పరిశోధన, థీసిస్ ముగిశాక మళ్ళీ రెండేళ్ళు ఆసుపత్రి వార్డులు. ఆ పైన రెసిడెన్సీ వేరే. ఫీజు మాఫీ, స్టైపెండు నిజమే. కాని తోటివారు డాక్టర్లయి సంపాదిస్తున్న ఏళ్ళలో వీరింకా స్టైపెండు మీదనే ఉంటారు. డబ్బు కోసమే అయితే ఇది లాభసాటి బేరం కాదు.

దరఖాస్తు ఫారమే ఈ సంగతి చెబుతుంది. ఎంకాట్ పరీక్ష మార్కులు, కళాశాల మార్కులు, సిఫార్సు ఉత్తరాలు ఎలాగూ కావాలి. మామూలు ఎం.డి.కి రాసే వ్యాసం గాక వీరు మరి రెండు వ్యాసాలు రాయాలి. రెండు డిగ్రీలూ నీకెందుకు అన్నది ఒకటి. దానికి 3,000 అక్షరాలు మించరాదు. ఇంతవరకు చేసిన పరిశోధన ఏమిటన్నది రెండవది. దీనికి 10,000 అక్షరాల వరకు చోటిచ్చారు. ఆశయాలు చెప్పుకోవడానికి కొంచెం చోటు, చేసిన పని చూపడానికి మూడింతలకు పైగా! ఏ ప్రశ్న పట్టుకున్నావు, నీ చేత్తో చేసినదెంత, ప్రయోగం చెడినప్పుడు ఏం చేశావు అని ఇంటర్వ్యూలో ప్రొఫెసర్లు తవ్వి తవ్వి అడుగుతారు. సెలవుల్లో నెల్లాళ్ళు లాబొరేటరీ చూసి వచ్చినవారు అక్కడే దొరికిపోతారు. వేసవి మొదట్లో దరఖాస్తు వేస్తే, ఇంటర్వ్యూలు చలికాలం దాకా సాగి, చేరేది మరుసటి ఏడు. కావున అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఒక ప్రొఫెసరు వద్ద పని చేస్తూ ఉండాలి.

మరొక మాట. ఆ ప్రభుత్వ సహాయం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికే. సొంత నిధులతో విదేశీయులను తీసుకునే కళాశాలలు బహు కొద్ది. ఇక్కడ బి.ఎస్సీ. చదివిన పిల్లవాడికి అక్కడ సీటు ఇప్పిస్తానని ఏజెంటెవరైనా వస్తే, ఆ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టవద్దు.

అక్కడి చదువు గొడవ మనకెందుకని అనవచ్చును. బోదకాలు మన డెల్టాకు కొత్త కాదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర ఎరుగనివారు లేరు. ఆ మందును 1940లలో అమెరికాలోని లెడర్లీ లాబొరేటరీలలో కనుగొన్నది యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోనే. 1895లో మన భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసులో వైద్యం చదివి, 1930లో హార్వర్డులో పిహెచ్.డి. పొందారు. హార్వర్డుకు వెళ్ళిన కొత్తలో పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పని చేశారు. రెండు చదువులనూ కలిపే కోర్సు అప్పట్లో లేదు. ఆయనే కలుపుకున్నారు.

మన పిల్లలకు ఇక్కడా దారులున్నాయి. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు తమ కళాశాల ప్రొఫెసరు ఆధ్వర్యంలో రెండు నెలలు పరిశోధన చేసే పథకాన్ని భారత వైద్య పరిశోధనా మండలి 1979లోనే మొదలుపెట్టింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వంటి చోట ఎం.బి.బి.ఎస్. పట్టాతోనే పిహెచ్.డి.కి దరఖాస్తు చేయవచ్చును. ఇవి చెప్పేవారు లేరు. ఇంట్లో అడిగేదల్లా పీజీ సీటు ఎప్పుడు, నర్సింగ్ హోము ఎక్కడ అనే.

ఆ అమ్మాయిని నేను ఒక్కటే అడిగాను, నీ ప్రయోగం ఎన్నిసార్లు చెడిందమ్మా అని. "పదకొండుసార్లు తాతగారూ, పన్నెండోసారీ సరిగా రాలేదు, వెళ్ళగానే మళ్ళీ చేయాలి" అని నవ్వింది. పెళ్ళి మాట తరువాత, ముందు దరఖాస్తు వేయనివ్వండి అని వాళ్ళ తాతగారితో చెప్పి వచ్చాను. ఆయన ఇంకా ఔననలేదు.