తీరమున కాగితపు సముద్రము

మన తీరపట్టణములలో బడి విడిచిన పిమ్మట బాలబాలికలకు చిత్రలేఖనమును, చేతిపనులును నేర్పు సాయంకాలపు తరగతులు వెలయుచున్నవి. వల్లించుట యొక్కటే విద్య యని నమ్మిన తల్లిదండ్రులు సైతము బిడ్డలచేత కుంచె పట్టించుట సంతోషింపదగిన మార్పే. కాని యీ తరగతులలో ‘సముద్రము’ అను పేర జరుగు పనిని పరిశీలించినచో సంతోషమునకు మాఱు విచారమే మిగులుచున్నది.

కాగితపు పళ్లెమునకు ఎనిమిది కాళ్లంటించిన ఆక్టోపసు, ఒంటికంటి దొంగల యోడ, చేపతోక గల తెల్లని కన్య: ఏ తరగతి గోడ చూచినను తఱచుగా నివియే. అచ్చువేసిన గీతల నడుమ రంగు నింపుటయే బిడ్డల పని. గీత దాటిన బిడ్డకు మందలింపు, దాటని బిడ్డకు బహుమానము. దీనిని కళ యనుటకన్న అచ్చుయంత్రపు పని యనుట మేలు.

పిల్లల సరదాపై నింత విమర్శ యేల యని కొందఱందురు. సరదాను మేము కాదనము. సరదాకైనను కనులెదుట నున్నదానిని విడిచి యెన్నడును చూడనిదానిని ఎత్తివ్రాయింప నేల యని మాత్రమే యడుగుచున్నాము. శాతవాహన రాజులు రెండు తెరచాపకొయ్యల యోడను తమ నాణెములపై ముద్రింపించిరి. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, గాలివానకు కొట్టుకొనివచ్చిన యోడల సొమ్మును రాజులు హరించు దురాచారమును మాన్పి, సుంకము మాత్రమే గ్రహింతునని వర్తకులకు మాట యిచ్చెను. 1948 మార్చి 14న విశాఖపట్టణమున ‘జలఉష’ నీటిలోనికి దిగెను. బొమ్మ గీయుటకు ఇంతకంటె మంచి కథలు కావలయునా?

పుస్తకములలోనికి ఎక్కని విద్య మఱియొకటి కలదు. మసూలా పడవకు ఇనుపమేకు లుండవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. మేకులతో బిగించిన పడవ అల తాకిడికి పగులుచోట, కుట్టిన పడవ వంగి యోర్చుకొనును. తెప్పను ఒడ్డు చేర్చిన పిమ్మట కట్లు విప్పి దుంగల నెండబెట్టుదురు. నేడు ఫైబరు పడవలు వీని స్థానమును చాలవఱకు ఆక్రమించినవి. చూచినవారు బ్రదికి యుండగానే బిడ్డలచేత గీయింపనిచో రేపు గీయించువా రెవరు?

మఱి పడవ కట్టువాడును, వల యల్లువాడును మన తరగతి గడప త్రొక్కకుండుటకు కారణమేమి? వారు చదువులేనివా రను చిన్నచూపే. చేతిపని నేర్పుదుమని చెప్పుకొనుచు చేతిపనివానిని వాకిటనే నిలుపుచున్నాము! జాలరి బిడ్డ యా తరగతిలో కూర్చుండి, తన తండ్రి యెఱిగిన సముద్రము బొమ్మకు పనికిరాదనియు, పరదేశపు సముద్రమే నాగరకమైనదనియు నేర్చుకొనుచున్నాడు. ఇది చిత్రలేఖనపు లోపము కాదు, కులగర్వపు లోపము. పైగా రుసుము చెల్లింపలేని బిడ్డకు తరగతిలో చోటే లేదు.

థర్మోకోలు అలలును, ప్లాస్టికు మెఱుపుపొడియు పదర్శన ముగియగనే చెత్తకుప్పకు, అచ్చటినుండి కాలువకు, కాలువనుండి కడలికి చేరును. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లుపెట్టు తీరమున తాబేటి బొమ్మను ప్లాస్టికుతో చేయించుట యెట్టి వివేకము?

మేము కోరునది గొప్ప వ్యయము కాదు. వారమున కొక సాయంకాలము వల యల్లువానిని పిలిచి, ఉపాధ్యాయునితో సమానమైన గౌరవమును, వేతనమును ఈయవలెను. తీరమున ప్రమాదమని వెఱచువారు వలను, తెడ్డును, చుక్కానిని బడికే తెప్పింపవచ్చును. బాలికలను వెనుక వరుసకు నెట్టరాదు. చేపల గంప మోసి, బేరమాడి, లెక్క తేల్చి యిల్లు నడపు తల్లియు బొమ్మకు తగినదే. కళావిద్య బడిచదువులో ప్రధానాంశముగా నుండవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చెప్పియే యున్నది; ఆజ్ఞకై యెదురుచూడ నక్కఱలేదు.

అచ్చుబొమ్మల కట్టను మూలకు నెట్టి, బిడ్డకు తెల్లకాగిత మీయుడు. వంకరగా గీసినను, తాను చూచిన పడవనే గీయనిండు.