చుక్కలు లెక్కబెట్టినోళ్లు

ఇబ్రహీంపట్నం అవతల జపాల్, రంగాపూర్ అని రెండు ఊళ్లు. వాటి మధ్య ఉస్మానియా విశ్వవిద్యాలయం ఖగోళశాస్త్ర విభాగం వాళ్ల గుమ్మటం ఉంది. అందులో 1968లో పెట్టిన 48 అంగుళాల దుర్భిణి. ఆ గుమ్మటాన్ని దూరం నుంచి చూసిన కూలి జనం ఎందరో. లోపలికి పోయి చుక్కను చూసిన కూలోళ్ల పిల్లలు ఎందరు?

ఇంతకీ లోపల ఏం చేశారు? గ్రహణాలు కొలిచారు. సూర్యచంద్రులవి కాదు, చుక్కల గ్రహణాలు. మన కంటికి ఒక్కటిగా కనపడే చుక్క చాలాసార్లు రెండు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఒకటి ఇంకోదానికి అడ్డమొస్తే వెలుతురు తగ్గుతది, తప్పుకుంటే పెరుగుతది. ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది అని రాత్రంతా కొలిచి ఆ చుక్కల సైజు లెక్క కడతారు. వెలుగును రంగులుగా విడదీసి వాటి వేగం కూడా పట్టుకుంటే బరువు సైతం తెలుస్తది. తక్కెడ లేకుండా చుక్కను తూచే పని ఇది!

మనకు మాత్రం గ్రహణం అంటే ఏం నేర్పారు? కడుపుతో ఉన్న ఆడకూతుర్ని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టమని. వండిన కూటిమీద గరిక వేయమని. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం రంగాపూర్ మీదుగానే పోయింది. శాస్త్రవేత్తలు అక్కడ యంత్రాలు పెట్టుకుని కాచుకున్నారు. హైదరాబాదు వీధులు మాత్రం కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. ఉత్త కళ్లతో సూర్యుణ్ని చూడొద్దన్నది నిజమే, కళ్లు పోతాయి. కానీ పంచాంగం చెప్పినోడు తలుపులు వేయించింది మన కళ్ల మీద ప్రేమతో కాదు గదా.

ఈ విభాగం కథ ఇంకా పాతది. నవాబు జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల 1908లో నిజాం సర్కారు చేతికి, 1919లో ఉస్మానియా చేతికి వచ్చింది. ఆ కాలంలో ప్రపంచంలోని ఇరవై దాకా వేధశాలలు అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఆకాశాన్ని పంచుకున్నాయి. ఎవరి వంతు వాళ్లు ఫొటో తీసి, ఒక్కో చుక్క ఎక్కడుందో కొలిచి పుస్తకాలకెక్కించాలి. వాటికన్ వంతు కొలిచింది నలుగురు క్రైస్తవ సన్యాసినులు, నాలుగు లక్షల ఎనభై వేలకు పైగా చుక్కలు. వాళ్ల పేర్లు లోకానికి తెలిసింది 2016లో! హైదరాబాదు వంతు ఏడు లక్షలకు పైనే. డైరెక్టర్లు పోకాక్, భాస్కరన్ పేర్లు చరిత్రలో ఉన్నాయి. గాజు పలకల మీద కళ్లు పెట్టి కొలిచిన చిన్న ఉద్యోగుల పేర్లు మనలో ఎవరు విన్నారు?

ఆ కొలతలు వృథా పోలేదు. చుక్కలు కూడా కదుల్తాయి. ఒక మనిషి బతుకంతా చూసినా కంటికి తెలియనంత మెల్లగా కదుల్తాయి. ఆ కదలిక పట్టాలంటే పాత చోటు, కొత్త చోటు రెండూ కావాలె. పాత చోటు ఈ వేధశాలల పుస్తకాల్లో ఉంది. కొత్త చోటు హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చింది. ముఖ్యంగా ఈ రెంటినీ కలిపి 2000లో 25 లక్షల చుక్కల పట్టిక వేశారు, పేరు టైకో-2. హైదరాబాదు కష్టం అందులో ఉంది. తర్వాత గైయా అనే ఉపగ్రహం 2025 జనవరి దాకా కొలిచింది. దాని 2022 పట్టికలో దాదాపు 180 కోట్ల చుక్కలు. ఎవరైనా సరే, పైసా కట్టకుండా ఆ లెక్కలు తీసుకోవచ్చు.

మా మాట ఇక్కడే. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో చుక్కల మీద పరిశోధన చేసేవాళ్లు చాలామంది గుమ్మటం కింద నిలబడరు, కంప్యూటర్ ముందు కూర్చుంటారు. రంగాపూర్ దుర్భిణి ఏళ్ల తరబడి మూలనపడటం నష్టమే, దాన్ని లేపమని అడగాల్సిందే. కానీ అది లేచినా మన పిల్లలకు అడ్డంగా ఉన్న గేటు తెరుచుకోదు. ఆ గేటు ఊళ్లోనే ఉంది. లెక్కల సారు లేని తొమ్మిదో తరగతి. తాళం తీయని ల్యాబు గది. "ఎంపీసీ నీకెందుకురా, హెచ్‌ఈసీ తీసుకో" అనే పెద్దమనిషి. మేమూ ఆ మాట పడ్డవాళ్లమే. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది, లెక్కలు వొదిలేసి తెచ్చుకున్న డిగ్రీ.

అన్నలారా, అక్కలారా, వచ్చే సంఘం మీటింగులో రెండు సంగతులు పెట్టండి. మీ హైస్కూల్లో లెక్కల పోస్టు, సైన్సు పోస్టు ఖాళీగా ఉన్నాయా? ఉంటే ఎంఈఓకు కాగితం రాసి రసీదు తీసుకోండి. ఎస్సీ హాస్టల్లో కంప్యూటర్ ఉంటే అది వార్డెన్ గదిలో ఉందా, పిల్లల ముందు ఉందా చూడండి.

2027 ఆగస్టు 2 సాయంత్రం మన దగ్గర సూర్యగ్రహణం కొంచెం కనపడతది. ఆ రోజు సోమవారం. పిల్లల్ని ఇళ్లలో దాచొద్దు. అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు తిప్పి నిలబడి, కింద తెల్లకాగితం మీద పడే చిన్న సూర్యుణ్ని చూడమనండి. కడుపుతో ఉన్న ఆడకూతుళ్లను కూడా పిలవండి.