విత్తనానికి విషం పూత - కూలి చేతికి రక్ష ఏది?

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, సంగారెడ్డి జిల్లాలో పత్తి గింజలు పెట్టే పని మొదలవుతుంది. కొల్లూరు చుట్టుపట్ల భూములు చాలామట్టుకు రింగురోడ్డు కిందికీ, ప్లాట్ల కిందికీ పోయినై. భూములు పోయినా పొట్ట పోదు గదా! మన ఆడకూలీలు ఆటోలెక్కి దూరం చేన్లకు పోతున్నారు. గింజలు ఒళ్లో పోసుకుని, ఉత్త చేత్తో ఒక్కొక్కటే నాటుతారు. గింజకున్న రంగు వేళ్లకంటుతుంది. కడుక్కోను నీళ్లు లేకపోతే ఆ చేత్తోనే సద్ది తింటారు. ఆ రంగులో ఏముందో కూలికి విడమరిచి చెప్పే ఆసామి లేడు, డీలరూ లేడు. కనుక మనమే చెప్పుకుందాం.

బీటీ పత్తి విత్తనాలకు ఎక్కువగా పట్టించేవి ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సమ్ వంటి మందులు. వీటిని నియోనికోటినాయిడ్లు అంటారు. అంటే కొత్త రకం నికోటిన్లన్న మాట. బీడీలో, చుట్టలో ఉండే నికోటిన్‌కు ఇవి దాయాదులు.

మన ఒంట్లో నరం నుంచి కండకు కబురు మోసేది ఎసిటైల్ కోలిన్ అనే పదార్థం. ఆ కబురందుకునే గ్రాహకం తాళం వంటిది. ఎసిటైల్ కోలిన్ వచ్చి తెరుస్తుంది, పని కాగానే మూతపడుతుంది. నికోటిన్ కూడా ఆ తాళాన్నే తెరుస్తుంది. అందుకే దానికి నికోటినిక్ గ్రాహకం అని పేరు వచ్చింది. మెదడులోనూ ఇవి ఉన్నాయి. బీడీ అలవాటు అంటుకునేది అక్కడే. మోతాదు మించితే వాంతులు, తలతిరుగుడు, వణుకు పుడతాయి, చివరకు ఊపిరే ఆగవచ్చు. పచ్చి పొగాకు రెల్లే కూలీలకు ఆకు మీది తడితో, చర్మం గుండానే నికోటిన్ ఎక్కి వాంతులవుతాయి. ఇది వైద్యులు గుర్తించిన జబ్బే.

పురుగుకూ ఇవే గ్రాహకాలున్నై. వెనకటి రైతులు పేనుబంకకు పొగాకు కషాయం కొట్టింది అందుకే. నికోటిన్ సల్ఫేటును మన దేశంలో వాడరాదని నిషేధించి, ఎగుమతికి మాత్రం తయారు చేసుకోవచ్చన్నారు. మన కూలికి విషమైంది పరాయి దేశపు కూలికి కాదా?

1991లో బేయర్ కంపెనీ ఇమిడాక్లోప్రిడ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇది పురుగు గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, మనిషి గ్రాహకాన్ని అంతగా పట్టుకోదు. మోనోక్రోటోఫాస్‌తో పోలిస్తే మనిషికి ప్రమాదం తక్కువే. ఉన్నమాట ఒప్పుకోవాలి. కానీ తక్కువంటే అసలు లేదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఒక మోస్తరు ప్రమాదకరమైన రెండో తరగతిలో పెట్టింది. పైగా మోనోక్రోటోఫాస్ వంటి విషాలకు అట్రోపిన్ అనే విరుగుడుంది; నియోనికోటినాయిడ్లకు ప్రత్యేక విరుగుడే లేదు. లక్షణాలను బట్టి వైద్యం చేయాల్సిందే. అందుచేత కూలికి సుస్తీ చేస్తే మందు డబ్బానో, విత్తనం సంచినో వెంట తీసుకుని ఆస్పత్రికి పోవాలి. డాక్టరుకు ముందుగా కావలసింది ఆ పేరే.

తేనెటీగలు చస్తున్నాయని 2018లో యూరోపియన్ యూనియన్ ఇలాంటి మూడు మందులను ఆరుబయట పొలాల్లో వాడకుండా ఆపింది. అక్కడ తేనెటీగకు చట్టముంది. ఇక్కడ ఆడకూలి చేతికి తొడుగు లేదు!

ఇదే శాస్త్రానికి ఇంకో ముఖమూ ఉంది. ఆ తాళాన్ని సగమే తెరిచే మందులున్నై. ఇవి బీడీ మీద యావను తగ్గిస్తాయి, నికోటిన్‌కు చోటివ్వవు. బల్గేరియాలో 1964లోనే ఒక చెట్టు గింజల నుంచి తీసిన సైటిసిన్‌ను ఇందుకోసం అమ్మారు. దాన్ని చూసి తయారుచేసిన వరెనిక్లిన్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. డాక్టరు సలహాతోనే వాడాలి, కొందరికి వికారం పుడుతుంది. మన దేశం కూడా 2022 జాతీయ జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను చేర్చింది. ఆకలి చంపుకోను బీడీ ముట్టించే కూలికి ఈ మందులు ఎన్ని అందుతున్నై? పటాన్‌చెరు ఫ్యాక్టరీల మందులు దేశదేశాలకు పోతాయి. వాటి మురుగు మాత్రం నక్కవాగుకు, మన చేన్లకు వచ్చింది.

చట్టం లేదా అంటే ఉంది. 1968 పురుగుమందుల చట్టం, 1971 నిబంధనలు రక్షణ దుస్తులనూ వైద్య పరీక్షలనూ ప్రస్తావిస్తాయి. ఫ్యాక్టరీ కార్మికుడు కొట్లాడి ఇఎస్ఐ తెచ్చుకున్నాడు. అదే విషాన్ని చేత్తో నాటే వ్యవసాయ కూలికి అదీ లేదు. దుకాణంలో సీసా మీద ఉన్న చట్టం చేను గట్టు దాకా నడిచి రావడం లేదు.

కనుక మన కోర్కెలు ఇవి: ప్రతి విత్తనం సంచితో పాటు కంపెనీయే చేతి తొడుగులివ్వాలి. పూత మందు పేరు, జాగ్రత్తలు తెలుగులో పెద్దక్షరాలతో అచ్చు వేయాలి. చేను దగ్గర నీళ్లు, సబ్బు పెట్టే బాధ్యత పని చేయించుకునే ఆసామిది. విషమెక్కిన కూలీల లెక్క ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రాయాలి. బీడీ, పొగాకు మానే మందులు అక్కడే ఉచితంగా ఇవ్వాలి.

అడగందే అమ్మైనా పెట్టదు. ఈ ఏరువాకకు ప్రతి ఊళ్లో కూలీల సంఘం కూర్చొని తీర్మానించాలి: తొడుగు లేనిదే గింజ ముట్టం!