పటకారు వెల, పటకారు విలువ

కటింగు ప్లయరు కొనవలసి వచ్చినపుడు ఏ కంపెనీది కొనవలెనని మా సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. చిన్న వస్తువే కదా యని ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో బోరునీటిని నమ్మిన రైతులు పెక్కుమంది. బోరున్నచోట మోటారు, స్టార్టరుపెట్టె, తీగలు ఉండి తీరును. నల్లమల యంచున అడవిపందుల బెడదకు కంచె బిగించుట మరియొక పని. కొడవలి తరువాత రైతు చేతికి తఱచుగా వచ్చునది ఈ పటకారే.

ముందుగా మా తెలివితక్కువతనమును చెప్పుకొందుము. ప్రదర్శన క్షేత్రమునకు కంచె వేయించునపుడు చవుకగా దొరికినదని పేరులేని పటకారు నొకదానిని సంతలో కొంటిమి. వెండివలె తళతళలాడినది. మూడవనాటికి దాని వాదరపై నొక్కులు పడినవి. తీగను అది కొఱుకుటకు మాఱు తీగయే దానిని కొఱికినది. పిమ్మట కీలు వదులై దవడలు ప్రక్కకు జారసాగినవి. అట్లు జారినపుడే తీగకొన గీరుకొని కూలివాని అరచేయి చీరుకొనిపోయినది. మిగుల్చుకొన్న డబ్బు కట్టుకట్టించుటకే చాలలేదు.

లోపము ఉక్కులో నున్నది. ఎఱ్ఱగా కాచి అచ్చులో మోది చేసిన ఉక్కు వేఱు, కరగించి పోసిన పోతయినుము వేఱు. పైమెఱుగు రెంటిని ఒకటిగా చూపును. మన కమ్మరి కొడవలిని కాచి నీట ముంచి గట్టిపఱచునట్లు మంచి పటకారు వాదరను ప్రత్యేకముగా గట్టిపఱతురు. ఆ పని జరుగని దానికి ఇనుపతీగ లొంగదు.

ఇక పేర్లు. టపారియా పటకారులు నాసికులో తయారగును. ఆ కంపెనీ 1969లో స్వీడను దేశపు సాంకేతిక సహకారముతో చేతిపనిముట్ల తయారీని ప్రారంభించినది. వారి 8 అంగుళముల పటకారు ఏండ్ల తరబడి మా సంచిలో నున్నది; కీలునందు అప్పుడప్పుడు నూనెచుక్క వేయుట తప్ప మేము దానికి చేసిన సేవ లేదు. స్టాన్లీ 1843లో అమెరికాలో మొదలైన సంస్థ. దాని పిడి చేతికి హాయిగా నుండును. ఆ హాయికి అధికముగా చెల్లించుట దినమంతయు దానితోనే పనిచేయు ఎలక్ట్రీషియనుకు తగును. 1882లో పుట్టిన జర్మనీ కంపెనీ క్నిపెక్సు పటకారు శ్రేష్ఠమైనదే కాని, వెల అనేక రెట్లు. గట్టుమీద పెట్టి మఱచివచ్చు స్వభావము మనది! జలంధరు, లూధియానాల సరకులో మంచిదియు కలదు, నాసిదియు కలదు. దానిపై తయారీదారు పేరు, ఐ.ఎస్. 3650 అను ప్రమాణసంఖ్యతో ఐ.ఎస్.ఐ. ముద్ర వెదకవలెను. పేరున్న సరకునకు నకిలీలు వచ్చును గనుక రసీదు లేనిదే కొనరాదు.

అంగడిలోనే దవడలు మూసి వెలుతురునకు ఎత్తి చూడుడు. కోతవాదరల నడుమ వెలుగు కనబడరాదు. పలుచని కాగితమును తెంచి చూడుడు, నమలక తెంచవలెను. పిడులను ప్రక్కకు ఊపినపుడు కీలు కదలరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పిడి తొడుగు. ఎఱ్ఱని తొడుగు ఉన్నది గదా, కరెంటు పట్టదని తలచుట ప్రాణాంతకము. సాధారణపు తొడుగు పట్టు కొఱకేకాని రక్షణ కొఱకు కాదు. విద్యుత్పనికై చేసిన పటకారుపై 1000 వోల్టులని, రెండు త్రికోణముల గుర్తుతో ముద్రించియుండును. అట్టి దానిని 10,000 వోల్టుల వద్ద పరీక్షింతురు. తొడుగు చిట్లినచో అదియు నిరుపయోగము. అది యున్నను స్టార్టరుపెట్టె తెఱచుటకు ముందు మెయిను కట్టివేయవలసినదే. ట్రాన్సుఫార్మరువద్ద పైతీగలలో 11,000 వోల్టులుండును. అచ్చట ఏ కంపెనీ పటకారును కాపాడజాలదు. పైరు ఎండుచున్నదని ఫ్యూజు వేయుటకు ఎక్కువారిని మేమెఱుగుదుము. లైనుమనిషి వచ్చువఱకు ఒక పూట నీరు ఆగిన ఆగనిండు.

పటకారును సుత్తెగా వాడుట, నిప్పులో పెట్టుట, దానితో నట్టులు త్రిప్పుట మానినచో మధ్యరకపు వెలగలదే చాలునని మా నిశ్చితాభిప్రాయము. ఎరువులు తెప్పించునట్లే సంఘము అట్టివానిని ముద్ర చూచి ఒక్కసారిగా కొని, కొన్న వెలకే సభ్యులకు ఈయవచ్చును. 1000 వోల్టుల గుర్తుగలవి కొన్నిటిని వేఱుగా తెప్పింపవలెను. రాబోవు పాలకవర్గ సమావేశమున దీనిని చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాము.