ఏటేటా జరుగవలసిన ఆట

క్రీడాజట్లను ఏ కూటమిలో చేర్చవలెను, ఏ కూటమినుండి తొలగింపవలెను అను ప్రశ్న బోర్డుల కార్యాలయములలోనే తేలవలసినదని పెద్దలు కొందరు తలచుచున్నారు. ఆట చూచువానికి అందు పనిలేదట. టిక్కెట్టు కొని కూర్చుండి చప్పట్లు కొట్టుటయే వాని వంతట. ఈ యభిప్రాయము సరికాదని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. పొరుగువాడు పొరుగువానితో ఏటేటా ఆడు ఆట యొకటి యుండితీరవలెను. జట్లు ఎన్ని పెరిగినను, కూటములు ఎన్నిమారులు మారినను ఆ యొక్క ఆటను మాత్రము తప్పింపరాదు. ఇదియే మా వాదము.

ఆరంబాక్కము వంటి యూళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ మాటను విప్పి చెప్పనక్కరలేదు. ఈ రైలుమార్గమున తమిళనాటి చివరి స్టేషను మనది. దాని తరువాతిది తడ, అది ఆంధ్రప్రదేశము. దక్షిణపు బండి యెక్కినచో చెన్నపురి. ఎల్లలు మార్చుట యననేమో ఈ జిల్లావారికి అనుభవముననే తెలియును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. పటాస్కరుగారి నిర్ణయము ననుసరించి 1959లో చట్టము చేయగా, 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమున చేరినది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరినవి. ఆ నిర్ణయము నచ్చినవారును కలరు, నచ్చనివారును కలరు. అయినను అందు గ్రామమును ప్రమాణముగా గైకొనిరి. అచ్చటి జనుల భాష యేదియని విచారించిరి. క్రీడాకూటములను మార్చునప్పుడు అట్టి విచారణ యెన్నడైనను జరిగినదా? ఏ యూరివారు ఎవరి ఆటకై యెదురుచూచుచున్నారని అడిగినవా రెవరు?

రంజీ ట్రోఫీ చరిత్రనే చూడుడు. 1934 నవంబరులో ఆ పోటీల మొట్టమొదటి ఆట చేపాకమున మదరాసు, మైసూరు జట్ల నడుమ జరిగి ఒక్కదినముననే ముగిసెను. పుట్టుకయే పొరుగువారి ఆటతో! 1953-54లో ఆంధ్ర జట్టు బరిలోనికి దిగెను. దేశమునంతటిని అయిదు మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలములోని జట్లు లీగు పద్ధతిని తమలో తాము ఆడుట 1957-58 నుండి మొదలయ్యెను. అటుపిమ్మట 40 ఏండ్లకు పైగా ఆంధ్ర, హైదరాబాదు, మదరాసు, మైసూరు, కేరళ జట్లు దక్షిణమండలమున కలిసి ఆడినవి. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడినను క్రికెట్టులో తెలుగువారికి రెండు జట్లే నిలిచినవి. కావున మదరాసు జట్టు తెలుగు జట్లతో తలపడుట పండుగవలె ఏటేటా వచ్చెడి ముచ్చట. 1986-87లో హైదరాబాదు రంజీ కప్పును గెలువగా మరుసటి యేడే తమిళనాడు గెలిచెను. ఇంట తెలుగు, వీధిలో తమిళము పలుకు మనవంటివారికి ఆ రెండేండ్లును సంతోషమే.

2002-03లో మండల పద్ధతిని తీసివేసి, బలమునుబట్టి ఎలైట్, ప్లేట్ అను తరగతులు చేసిరి. అది మొదలు గ్రూపుల కూర్పు పలుమార్లు మారినది. 2018-19లో ఒక్కసారిగా తొమ్మిది జట్లను చేర్చగా మొత్తము 37 అయినవి. మరుసటి యేడు చండీగఢ్ రాకతో 38. ఇప్పుడు పొరుగువారు కలిసి ఆడుట యదృష్టముపై నాధారపడినది. 2018-19లో ఆంధ్ర, హైదరాబాదు, తమిళనాడు మూడును ఒకే గ్రూపున పడినవి. 2024-25లో తెలుగు జట్లు రెండును ఒక గ్రూపున, తమిళనాడు అస్సాము, చండీగఢ్, ఝార్ఖండ్ మున్నగు జట్లతో వేరొక గ్రూపున పడినవి. చీటి యెటు పడిన అటే మన పండుగ!

దీనికి ప్రతివాదులు మూడు మాట లందురు. మొదటిది, పాత మండల పద్ధతి న్యాయమైనది కాదని. నిజమే. 1958-59 నుండి 1972-73 వరకు వరుసగా 15 మారులు బొంబాయియే కప్పు నెత్తుకొనిపోయెను. బలమైన మండలమున వెనుకబడిన మంచిజట్టు బలహీన మండలమున అయినచో ముందునకు పోయెడిదే. అందుచేతనే పాత పద్ధతిని యథాతథముగా తిరిగి తెమ్మని మేము కోరుటలేదు.

రెండవది, క్రొత్తవారికి చోటీయవలదా యని. తప్పక ఈయవలెను. మిజోరం, నాగాలాండ్, సిక్కిం పిల్లలకు బ్యాటు పట్టు హక్కు లేదని యెవ రనగలరు? 1953లో మన ఆంధ్ర జట్టును క్రొత్తదే కదా! ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు పంక్తిని పొడుగు చేయుదుము. అంతేకాని ప్రక్కయింటి వానిని పంక్తినుండి లేపము.

మూడవ మాట మనసును నొప్పించునది. తమిళనాట బ్రతుకుచు తెలుగు జట్టు గెలువవలెనని కోరుట తగునా యని కొందరు, తెలుగు మాటలాడుచు తమిళనాడు జట్టునకు చప్పట్లు కొట్టుట తగునా యని మరికొందరు. ఈ ఇరువురును చరిత్ర నెరుగరు. సి.కె. నాయుడుగారు నాగపురమున పుట్టిన తెలుగువారు. 1932లో భారతజట్టునకు మొదటి టెస్టు నాయకులైరి. ఇందూరులోని హోల్కరు జట్టును నడిపిరి. పిదప ఆంధ్ర జట్టు తరపున ఆడిరి. ఆయన యే యూరికి ద్రోహము చేసిరి? చెన్నపురి క్రికెట్టునకు తండ్రియని పేరుగన్న బుచ్చిబాబు నాయుడుగారు తెలుగు కుటుంబమువారే. 1888లో మదరాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి భారతీయుల పిల్లలకు ఆట నేర్పినవారు. ఆయన సంకల్పించిన భారతీయుల, ఐరోపావారల పోటీ పిమ్మట పొంగలినాటి ఆటయై 1952 వరకు సాగెను. ఏలువారును ఏలబడువారును సైతము ఏడాదికొకమారు కలిసి ఆడగలిగిరి. ఒకే చెరువు నీరు త్రాగు తెలుగువాడును తమిళుడును ఆడలేరా?

కూటములు మార్చు ఈ జాడ్యము మనదేశమున మాత్రమే లేదు. మన బంధువులు పలువురు స్థిరపడిన అమెరికాలో కళాశాలల ఫుట్‌బాలు ఎంత ఆదరణ గలదో వారి నడిగిన తెలియును. పసిఫిక్ తీరమున 1915 నుండి వేళ్ళూనుకొన్న కూటమి 2024లో ఛిన్నాభిన్నమైనది. పండ్రెండింట పది విశ్వవిద్యాలయములు వెడలిపోయినవి. పసిఫిక్ తీరముననున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ జట్లు నేడు అట్లాంటిక్ తీరపు కూటమిలో ఆడుచున్నవి! టెలివిజను సొమ్ము ఎంత చిత్రమైన భూగోళశాస్త్రమును నేర్పుచున్నదో చూడుడు. టెక్సాసు రాష్ట్రములోని రెండు పెద్ద విశ్వవిద్యాలయముల నడుమ తరతరములుగా జరుగుచున్న ఆట, ఒకటి వేరొక కూటమికి పోవుటచే 2011 తరువాత ఆగిపోయి, మరల 2024లోగాని జరుగలేదు. ఆ నడుమ చదువుకొన్న విద్యార్థులకు ఆ ముచ్చట లేకయే పోయినది.

అయినను ఆ దేశముననే మందును కలదు. బిగ్ టెన్ అను కూటమి 18 జట్లకు పెరిగినప్పుడు కొన్ని పాత పోటీలను ఏటేటా తప్పక జరుగునట్లు కాపాడుకొనెను. మిచిగన్, ఒహాయో స్టేట్ జట్లు ఏటేటా ఆడును. లాస్ ఏంజెలిసులోని రెండు జట్లును ఏటేటా ఆడును. తక్కిన ఆటలు మారుచుండును. విస్తరణయు జరిగినది, పొరుగుతనమును నిలిచినది. వారు చేయగలిగినది మన బోర్డు చేయలేదా?

దులీప్ ట్రోఫీ కథ దీనికి తార్కాణము. 1961-62లో మండలముల పోటీగా మొదలైన దానిని 2016లో రంగుల పేర్ల జట్లుగా మార్చిరి. 2022లో మరల మండలములు వచ్చినవి. 2024లో ఏ, బి, సి, డి యని అక్షరముల జట్లు చేసిరి. 2025లో మరల మండలములే! అక్షరముపై అభిమాన మెవనికి పుట్టును? ఊరిపై పుట్టును, నేలపై పుట్టును. బోర్డు రెండుమారులు వెనుకకు వచ్చుటయే మా వాదమునకు బలము.

కావున మేము కోరునది స్వల్పము. గ్రూపులు ఎట్లు కూర్చినను, ప్రతి జట్టునకును ఒక పొరుగుజట్టుతో ఏటేటా తప్పని ఆట యొకటి నియమింపవలెను. ఒకే గ్రూపున పడినచో అదనపు శ్రమయే లేదు. పడనిచో అదనముగా ఒక్క ఆట. అది తమిళనాడునకు ఒకయేడు ఆంధ్రతో, మరుయేడు హైదరాబాదుతో కావచ్చును.

బోర్డు వినువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. మన పిల్లలు బడిలో తమిళము చదువుచున్నారు, ఇంట తెలుగు వినుచున్నారు. ఆంధ్రదేశ మనగా పెండ్లిపిలుపులు వచ్చెడి చోటని మాత్రమే యెరిగినవారు వారిలో పలువురు. ఆ పిల్లలకు రెండు నేలలును తమవే యనిపించు దినము ఏడాదికి ఒక్కటైనను ఉండవలదా? సంక్రాంతియు పొంగలియు ఒకే దినము గదా. ఆనాడు తడ పిల్లలును ఆరంబాక్కము పిల్లలును కలిసి ఆడు ఆట నొకదానిని మన సంఘములు నెలకొల్పవలెను. జట్లను భాషనుబట్టి విడదీయక, ఊరినిబట్టి కూర్పవలెను. రెండు జట్లలోను రెండు భాషలవారును ఉందురు. గెలిచినవారికి కప్పు, ఓడినవారికి మరుసటి యేటి పిలుపు ఈయవలెను. ఆ పిలుపు ఏ యేడును తప్పకుండ చూచుటయే పెద్దల బాధ్యత.